పారామోటార్‌కి ఫోర్-స్ట్రోక్ ఇంజన్: ఎవరికి లాభం, ఎవరి వీపుకి భారం

పారామోటార్ అంటే ఇంజన్, ప్రొపెల్లర్ వీపుకి తగిలించుకుని పరిగెత్తి, పారాగ్లైడర్ రెక్క కింద ఎగిరే సాధనం. టూ-స్ట్రోక్ ఇంజన్ నుంచి ఫోర్-స్ట్రోక్‌కి మారడం గురించి అడిగేవాళ్లు దాదాపు అందరూ పెట్రోల్ ఖర్చుతో మొదలుపెడతారు. పెట్రోల్‌లో ఆయిల్ కలిపే పని ఉండదు, గంటకు తాగేది తక్కువ, చప్పుడు మెత్తగా ఉంటుంది కాబట్టి మారితే పోలా అంటారు. ఇవన్నీ నిజాలే. కానీ ఎంపిక తేలేది అక్కడ కాదు. మీరు ఎక్కడ, ఎలాంటి గాలిలో, ఎన్ని అడుగులు పరిగెత్తి లేస్తారు, లేచాక ఎంతసేపు పైన ఉంటారు అన్న రెండు ప్రశ్నల దగ్గర తేలుతుంది. ఇంజన్ బరువు మోయాల్సింది కాళ్లు, పెట్రోల్ ఆదా కనపడేది ట్యాంకులో. రెండింటినీ ఒకే తూకంలో వేసి చూడకపోతే లెక్క తప్పుతుంది.

ముందు బరువు, అదీ నిజమైన బరువు

టూ-స్ట్రోక్‌లో క్రాంక్ (పిస్టన్ తిప్పే ఇరుసు) తిరిగిన ప్రతిసారీ ఒక పేలుడు ఉంటుంది. ఫోర్-స్ట్రోక్‌లో రెండు చుట్లకు ఒకటే. అందుకే అంతే శక్తి రావాలంటే ఫోర్-స్ట్రోక్‌కి పెద్ద సిలిండర్ అయినా కావాలి, ఎక్కువ ఆర్‌పీఎమ్ అయినా కావాలి. దానికి తోడు వాల్వులు, క్యామ్‌షాఫ్ట్, టైమింగ్ చైన్, ఆయిల్ పంపు, సంపు (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే గిన్నె). ఇవేవీ టూ-స్ట్రోక్‌లో ఉండవు. విట్టోరాజీ మోస్టర్ 185 లాంటి టూ-స్ట్రోక్ 184.7 సీసీతోనే దాదాపు 25 హార్స్‌పవర్ ఇస్తుంది. బెయిలీ ఏవియేషన్ వాళ్ల 4వి-200 లాంటి 200 సీసీ తరగతి ఫోర్-స్ట్రోక్ దానికంటే బరువెక్కువ, గరిష్ఠ శక్తి తక్కువ. ఆ తేడాని నున్నటి టార్కుతో, తక్కువ పెట్రోల్‌తో పూడ్చుకుంటుంది.

తయారీదారు ప్రకటించే "డ్రై వెయిట్" చూసి పోల్చకండి. ఫోర్-స్ట్రోక్ డ్రై వెయిట్‌లో ఇంజన్ ఆయిల్ ఉండదు, ఒక్కోసారి బ్యాటరీ కూడా ఉండదు, సైలెన్సర్, ఎయిర్‌బాక్స్ లెక్కలో ఉన్నాయో లేదో అడిగితే గాని చెప్పరు. ఇంట్లో తూచే పద్ధతి సులభం. బాత్రూమ్ తూకం మీద ముందు మీరొక్కరే నిలబడండి. తర్వాత ప్రొపెల్లర్, కేజ్ (ప్రొపెల్లర్ చుట్టూ ఉండే రక్షణ చట్రం), హార్నెస్ (పైలట్‌ని పట్టి ఉంచే పట్టీలు, సీటు), రిజర్వు పారాచూట్, నిండు ట్యాంకుతో సహా మొత్తం యూనిట్ తగిలించుకుని నిలబడండి. రెండు అంకెల తేడాయే మీ వీపు మోసే బరువు. కొత్తది కొనేముందు అమ్మేవాళ్ల యూనిట్‌నీ సరిగ్గా ఇలాగే తూయించండి.

ఒక ఉదాహరణ. డ్రైగా 5 కిలోల తేడా ఉందనుకుందాం. 0.8 లీటరు ఇంజన్ ఆయిల్ 0.7 కిలో. మీ పాత ఇంజన్ తాడు లాగి స్టార్ట్ చేసేదైతే బ్యాటరీకి, స్టార్టర్ వైర్లకి ఇంకో కిలో. మొత్తం 6.7 కిలోలు.

పెట్రోల్ ఆదా ఈ బరువును తీరుస్తుందా?

తీర్చదు. చాలామంది పొరపడేది ఇక్కడే.

మోస్తరు బరువున్న పైలట్‌కి ఎత్తు మారకుండా ఎగురుతున్నప్పుడు టూ-స్ట్రోక్ గంటకు 4 లీటర్లు, ఫోర్-స్ట్రోక్ 2.5 లీటర్లు తాగుతాయనుకుందాం. మీ ఇంజన్‌కి ఈ అంకెలు మారతాయి, కానీ నిష్పత్తి చాలావరకు ఇలాగే ఉంటుంది. గంటకు 1.5 లీటర్ల ఆదా, అంటే దాదాపు 1.1 కిలోలు. 6.7 కిలోల అదనపు బరువును పెట్రోల్ ఆదాతో సరిచేయాలంటే ఆరు గంటలకు సరిపడా పెట్రోల్‌తో లేవాలి. ఆరు గంటలకు టూ-స్ట్రోక్‌కి 24 లీటర్లు కావాలి. వీపు మీద మోసే యూనిట్‌లో అంత ట్యాంకు పెట్టుకుని పరిగెత్తేవాళ్లు ఎవరుంటారు? కాబట్టి కాళ్ల మీద లేచే పైలట్‌కి ఫోర్-స్ట్రోక్ ఎప్పుడూ బరువే. దిగేటప్పుడైతే మరీనూ. ట్యాంకు ఖాళీ అయ్యాక ఆ 6.7 కిలోలూ పూర్తిగా మోకాళ్ల మీదే పడతాయి.

అసలు లాభం దూరంలో ఉంది. 12 లీటర్ల ట్యాంకులో 2 లీటర్లు రిజర్వుగా వదిలేస్తే వాడుకునేది 10 లీటర్లు. టూ-స్ట్రోక్‌కి అది రెండున్నర గంటలు, ఫోర్-స్ట్రోక్‌కి నాలుగు గంటలు. గాలి లేని రోజు గంటకు 40 కిలోమీటర్ల వేగంతో చూస్తే 100 కిలోమీటర్లకు, 160 కిలోమీటర్లకు మధ్య తేడా అది. దూరప్రయాణాలు చేసేవాళ్లకి ఇదొక్కటే చాలు మారడానికి. సాయంత్రం ముప్పావుగంట పొలాల మీద తిరిగి వచ్చేవాళ్లకి దీని విలువ దాదాపు సున్నా.

టూ-స్ట్రోక్ ఎందుకు అంత తాగుతుందో తెలిస్తే లెక్క ఇంకా బాగా అర్థమవుతుంది. కాలిన పొగను బయటికి తోసేది లోపలికొచ్చే తాజా మిశ్రమమే. ఎగ్జాస్ట్ పోర్టు ఇంకా తెరిచే ఉంటుంది కాబట్టి తాజా మిశ్రమంలో కొంత కాలకుండానే పొగతో పాటు జారిపోతుంది. ఉబ్బెత్తు ఎగ్జాస్ట్ పైపు దాన్ని వెనక్కి కొట్టి సిలిండర్‌లోకి నెడుతుంది, కానీ ఆ పైపు ఏ ఆర్‌పీఎమ్‌కి డిజైన్ చేశారో అక్కడే బాగా పనిచేస్తుంది. మనం క్రూజ్ చేసే (ఒకే ఎత్తులో నిలకడగా సాగే) సగం థ్రాటిల్ దగ్గర ఆ సాయం తగ్గిపోతుంది. వాల్వులున్న ఇంజన్‌కి ఈ బాధ లేదు. అందుకే ఆదా ఎక్కువగా కనపడేది ఫుల్ థ్రాటిల్‌లో కాదు, క్రూజ్‌లో.

థ్రస్ట్, ఎక్కే వేగం

బరువు పెరిగితే ఎక్కడం తగ్గుతుందని భయపడతారు. ఎంత తగ్గుతుందో చూద్దాం. మొత్తం బరువు 120 కిలోలు, గ్లైడ్ నిష్పత్తి (ఒక మీటరు దిగేలోపు ముందుకు సాగే మీటర్లు) 6.5 అనుకుంటే ఎత్తు కోల్పోకుండా ఎగరడానికి దాదాపు 18.5 కిలోల థ్రస్ట్ (ప్రొపెల్లర్ తోసే బలం) చాలు. నేల మీద కట్టేసి కొలిచిన 60 కిలోల థ్రస్ట్, గాలిలో ముందుకు కదులుతున్నప్పుడు 45 దాకా పడిపోతుంది. మిగిలిన 26.5 కిలోలే మిమ్మల్ని పైకి లేపేది. సెకనుకు 10.5 మీటర్ల వేగంలో అది సెకనుకు దాదాపు 2.3 మీటర్ల ఎక్కుడు. ఇప్పుడు 6.7 కిలోలు కలపండి. 2.2 దగ్గర ఆగుతుంది. అంటే బరువొక్కటే పెరిగితే ఎక్కుడులో తేడా మీకు తెలియను కూడా తెలియదు.

తెలిసేది థ్రస్ట్ తగ్గినప్పుడు. నేల మీద కొలిస్తే 75 కిలోల థ్రస్ట్ ఇచ్చే టూ-స్ట్రోక్ నుంచి 60 ఇచ్చే ఫోర్-స్ట్రోక్‌కి వస్తే ఎక్కుడు సెకనుకు 3.3 మీటర్ల నుంచి 2.2కి దిగుతుంది. అది మామూలు తేడా కాదు. చుట్టూ చెట్లున్న చిన్న మైదానంలో లేచే పైలట్‌కి ఆ మీటరు ప్రాణం లాంటిది. 80 సీసీ తరగతి నుంచి, అంటే టాప్ 80, పోలిని థోర్ 80, విట్టోరాజీ అటామ్ 80 లాంటివాటి నుంచి మారేవాళ్లకి మాత్రం థ్రస్ట్ తగ్గదు, ఒక్కోసారి కాస్త పెరుగుతుంది కూడా. వాళ్లకి మిగిలేది బరువు బాధ ఒక్కటే. కాబట్టి "ఫోర్-స్ట్రోక్ బలహీనమా?" అని ఎవరైనా అడిగితే ముందు "దేన్నుంచి మారుతున్నావు?" అని ఎదురు అడగాలి.

టేకాఫ్ వేగం బరువు వర్గమూలంతో పెరుగుతుంది. గంటకు 30 కిలోమీటర్ల దగ్గర నేల విడిచే పైలట్, పైన చెప్పిన బరువుతో 30.8 దగ్గర విడుస్తాడు. కాగితం మీద ఏముంది అనిపిస్తుంది. ఎదురుగాలి అసలు లేని ఉదయం, గడ్డి తడిగా ఉన్నప్పుడు, వీపు మీద పాత యూనిట్ 33 కిలోలతో కాకుండా కొత్తదాని 40 కిలోలతో ఆ వేగం అందుకోవాలి. సముద్రమట్టానికి 1,500 మీటర్ల ఎత్తున్న మైదానంలో గాలి సాంద్రత దాదాపు 14 శాతం తగ్గుతుంది. అక్కడ కావాల్సిన పరుగు వేగం ఇంకో 8 శాతం పెరుగుతుంది, థ్రస్ట్ ఏమో పడిపోతుంది. గంటకు 10 కిలోమీటర్ల ఎదురుగాలి స్థిరంగా ఉండే చోట ఎగిరేవాళ్లకి ఇవేవీ పట్టవు; వాళ్లు నాలుగడుగులు వేసి లేచిపోతారు.

చేతికి ఎలా ఉంటుంది

ఎగ్జాస్ట్ పైపు మీద ఆధారపడ్డ టూ-స్ట్రోక్‌లో థ్రాటిల్ నొక్కుతుంటే కొంతదాకా మెల్లగా వచ్చి, పైపు "పట్టుకోగానే" ఒక్కసారిగా దూకుతుంది. ఆ దూకుడుకి రెక్క కింద పైలట్ లోలకంలా ముందుకు ఊగుతాడు, రెక్క వెనకబడుతుంది, థ్రాటిల్ వదిలితే తిరిగి ముందుకు దూసుకొస్తుంది. కొత్తవాళ్లు ఈ ఊగిసలాటను థ్రాటిల్‌తోనే సరిచేయబోయి మరింత పెంచుకుంటారు. ఫోర్-స్ట్రోక్‌లో నొక్కినంతే వస్తుంది. ఎత్తు మారకుండా నదీతీరం వెంట వెళ్లడానికి, నేలకు దగ్గరగా నెమ్మదిగా జరగడానికి దీన్ని మించింది లేదు. ఆక్రో (గాలిలో విన్యాసాల) ధోరణిలో ఒక్కసారిగా పేలే శక్తి కావాలనుకునేవాళ్లకి మాత్రం చప్పగా అనిపిస్తుంది.

చప్పుడు గురించి ఎక్కువ ఆశలు పెట్టుకోకండి. ఎగ్జాస్ట్ గొంతు లావుగా, చెవికి మెత్తగా వినపడుతుంది, నిజమే. కానీ కింద ఉన్నవాళ్లకి వినపడే మోతలో పెద్ద భాగం ప్రొపెల్లర్ కొసలది. 7,800 ఆర్‌పీఎమ్, 2.68 రిడక్షన్ (ఇంజన్ 2.68 చుట్లకు ప్రొపెల్లర్ ఒక చుట్టు), 130 సెంటీమీటర్ల ప్రొపెల్లర్ అంటే కొస వేగం సెకనుకు దాదాపు 198 మీటర్లు. అదే ప్రొపెల్లర్ 2,500 చుట్లు తిరిగితే 170 మీటర్లు. నిశ్శబ్దం కావాలంటే ఇంజన్ రకం కంటే ముందు రిడక్షన్ నిష్పత్తి చూడండి. ఎక్కువ రిడక్షన్ ఉన్న టూ-స్ట్రోక్, తక్కువ రిడక్షన్ ఉన్న ఫోర్-స్ట్రోక్ కంటే నిశ్శబ్దంగా ఉండొచ్చు.

వైబ్రేషన్ విషయంలో ఒక విచిత్రం ఉంది. క్రూజ్‌లో ఫోర్-స్ట్రోక్ నున్నగా ఉన్నట్టే ఉంటుంది, ఐడిల్‌లో మాత్రం కేజ్ అంతా దడదడలాడుతుంది. 1,800 ఆర్‌పీఎమ్ దగ్గర టూ-స్ట్రోక్ సెకనుకు 30 సార్లు కాలుస్తుంది, ఫోర్-స్ట్రోక్ 15 సార్లే. ఒక్కో దెబ్బ పెద్దది, దెబ్బకీ దెబ్బకీ మధ్య ఖాళీ ఎక్కువ. పాత ఇంజన్‌కి వేసిన రబ్బరు మౌంట్లనే దీనికీ వాడితే ఫ్రేము జాయింట్లు వదులవుతాయి, రిడక్షన్ బెల్టు త్వరగా అరుగుతుంది. సెంట్రిఫ్యూగల్ క్లచ్ (ఇంజన్ వేగం పెరిగాకే ప్రొపెల్లర్‌ని పట్టుకునేది) ఉన్న మోడల్ అయితే ఐడిల్ దెబ్బలు ప్రొపెల్లర్ దాకా పోవు. క్లచ్ లేని ఫోర్-స్ట్రోక్ మా సలహా కాదు.

స్టార్టింగ్, మధ్యలో ఆపడం

థర్మల్‌లోకి (పైకి లేచే వేడిగాలిలోకి) వెళ్లి ఇంజన్ ఆపేసి, మళ్లీ గాలిలోనే స్టార్ట్ చేసుకోవాలనుకునేవాళ్లకి ఎలక్ట్రిక్ స్టార్టర్ నిజమైన సుఖం. ఫోర్-స్ట్రోక్‌లో కంప్రెషన్ బరువుగా ఉంటుంది కాబట్టి చాలా మోడళ్లలో అది ముందే వస్తుంది, నడుస్తున్నంతసేపు ఛార్జింగ్ కాయిల్ బ్యాటరీని నింపుతుంది. ఇప్పుడు టూ-స్ట్రోక్‌లకీ స్టార్టర్ దొరుకుతోంది, కాబట్టి ఇది ఒకప్పుడంత పెద్ద వాదన కాదు. ఒక జాగ్రత్త: తేలికపాటి లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ గడ్డకట్టే చలిలో నీరసపడుతుంది, సున్నా డిగ్రీల కంటే కింద దాన్ని ఛార్జ్ చేస్తే పాడవుతుంది. తాడు లాగే ఏర్పాటు కూడా ఉన్న మోడల్ దొరికితే దానికే మొగ్గు చూపండి.

పడుకోబెట్టకూడని ఇంజన్

మెంబ్రేన్ కార్బురేటర్ (పల్చటి పొర కదలికతో పెట్రోల్ అందించేది) ఉన్న టూ-స్ట్రోక్ యూనిట్‌ని కారు వెనకాల ఎటు పడేసినా ట్యాంకు మూత బిగించి ఉంటే చాలు. మెంబ్రేన్ కార్బురేటర్‌కి పైనా కిందా తేడా లేదు. ఫోర్-స్ట్రోక్‌లో సంపులో లీటరు దగ్గర ఆయిల్ ఉంటుంది, చాలావాటిలో ఫ్లోట్ బౌల్ కార్బురేటర్ (పెట్రోల్ ఒక చిన్న గిన్నెలో నిలిచేది) ఉంటుంది. పడుకోబెడితే బౌల్‌లోంచి పెట్రోల్ కారుతుంది, ఆయిల్ బ్రీదర్ పైపు గుండా ఎయిర్‌బాక్స్‌లోకి పోతుంది, సిలిండర్ కిందివైపు వచ్చేలా పడితే రింగులు దాటి పిస్టన్ పైకీ చేరుతుంది. రవాణాకి నిలువుగా నిలబెట్టే స్టాండు లేదా కారు వెనక రాక్ తప్పనిసరి ఖర్చు. ఇంజన్ ధరతో పాటే దీన్నీ లెక్కేసుకోండి.

గాలిలో వంపులు తిరిగితే ఆయిల్ ఏమవుతుందన్న భయం మాత్రం అక్కర్లేదు. సరిగ్గా చేసిన మలుపులో, స్పైరల్‌లో కూడా బలం పైలట్ సీటువైపే నొక్కుతుంది. ఆయిల్‌కి అదే "కింద" కాబట్టి సంపులోనే ఉంటుంది.

ప్రమాదం నేల మీద ఉంది. టేకాఫ్ చెడి ముందుకు బోర్లా పడితే ఇంజన్ తొంభై డిగ్రీలు వాలుతుంది. ఆ స్థితిలో కొన్ని సెకన్లు నడిచినా పంపు గాలి పీలుస్తుంది, క్యామ్‌కి ఆయిల్ అందదు. కాబట్టి పడుతున్నానని తెలిసిన క్షణంలో కిల్ స్విచ్ నొక్కడం అలవాటు కావాలి. లేచాక వెంటనే స్టార్టర్ నొక్కకండి. యూనిట్‌ని నిలువుగా నిలబెట్టి పదిహేను నిమిషాలు వదిలేయండి. స్పార్క్ ప్లగ్ విప్పి, ప్లగ్ క్యాప్‌ని రంధ్రానికి దూరంగా ఇంజన్ బాడీకి ఎర్త్ చేసి, ప్రొపెల్లర్ చుట్టూ ఎవరూ లేకుండా చూసుకుని, ఇంజన్‌ని నాలుగైదు చుట్లు నెమ్మదిగా తిప్పండి. క్లచ్ ఉంటే ప్రొపెల్లర్ తిప్పితే ఇంజన్ తిరగదు, తాడుతోనో ఫ్లైవీల్ నట్టు దగ్గర పానాతోనో తిప్పాలి. ప్లగ్ రంధ్రంలోంచి ఆయిల్ చిమ్మితే మీ అదృష్టం బాగుందన్నమాట; ప్లగ్ విప్పకుండా స్టార్టర్ నొక్కి ఉంటే నలగని ఆ ద్రవం మీద పిస్టన్ గుద్దుకుని కనెక్టింగ్ రాడ్ వంగేది. ఎయిర్‌బాక్స్ తుడిచి, ప్లగ్ శుభ్రం చేసి, డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూపే కడ్డీ) చూసి, తగ్గినంత పోసి అప్పుడు స్టార్ట్ చేయండి. మొదటి నిమిషం తెల్లటి పొగ వస్తుంది, కంగారుపడొద్దు.

నిర్వహణ: గంటలు కాదు, పనుల తీరు

టూ-స్ట్రోక్ పనులు చిన్నవి, తరచుగా వచ్చేవి. 2 శాతం మిశ్రమానికి 10 లీటర్ల పెట్రోల్‌లో 200 మిల్లీలీటర్ల ఆయిల్, 2.5 శాతమైతే 250. కలిపినది నెలలు దాచకూడదు. ఎగ్జాస్ట్ స్ప్రింగులకి సేఫ్టీ వైరు ఉందో లేదో ప్రతి ఫ్లైట్‌కీ ముందు చూడాలి, ఎందుకంటే ఊడిన స్ప్రింగు నేరుగా ప్రొపెల్లర్‌లోకే పోతుంది. ఎగ్జాస్ట్ పగుళ్లు, రీడ్ వాల్వు కొసలు, మెంబ్రేన్లు, పిస్టన్ మీద మసి, రింగులు ఇవన్నీ వరుసగా వస్తూనే ఉంటాయి. కానీ సిలిండర్ విప్పి పిస్టన్ మార్చడం ఒక మధ్యాహ్నం పని; చేయి తిరిగినవాడు టేబుల్ మీదే చేసుకుంటాడు.

ఫోర్-స్ట్రోక్ పనులు అరుదుగా వస్తాయి, వచ్చినప్పుడు ఓపిక అడుగుతాయి. కొత్త ఇంజన్‌కి మొదటి 5 గంటలలోపు ఆయిల్ మార్చండి. పారబోసే ముందు దాన్ని తెల్లటి గిన్నెలో పోసి వెలుతురులో చూడండి. సన్నటి వెండిరంగు మెరుపు మామూలే, గోటికి తగిలే తునకలు మామూలు కాదు. తర్వాత 25 గంటలకోసారి మారిస్తే ఎయిర్-కూల్డ్ ఇంజన్ సుఖంగా ఉంటుంది. టాపెట్ సెట్టింగ్ (వాల్వుని నొక్కే భాగానికీ వాల్వుకీ మధ్య ఖాళీ సరిచేయడం) మొదటి 10 గంటలకి, ఆపైన 50 గంటలకోసారి, ఇంజన్ పూర్తిగా చల్లారాక, పిస్టన్ కంప్రెషన్ స్ట్రోక్ పైభాగంలో ఉన్నప్పుడు చేయాలి. ఈ సైజు ఇంజన్లలో ఖాళీ 0.1 మిల్లీమీటరు చుట్టుపక్కల ఉంటుంది, ఎగ్జాస్ట్‌కి కాస్త ఎక్కువ. ఖచ్చితమైన అంకె మీ మాన్యువల్‌దే. ఫీలర్ గేజ్ కొద్దిగా పట్టుకుంటూ జారాలి. వాల్వు శబ్దం చేస్తే అందరూ పరిగెత్తుకొస్తారు, కానీ శబ్దం చేయని వాల్వే ప్రమాదం. వాడేకొద్దీ ఎగ్జాస్ట్ వాల్వు సీటులోకి దిగి ఖాళీ మూసుకుపోతుంది, వేడెక్కాక వాల్వు పూర్తిగా మూసుకోదు, వేడి సీటుకి పోలేక అంచు కాలిపోతుంది. "చల్లగా ఉన్నప్పుడు బాగానే స్టార్ట్ అవుతోంది, వేడిమీద మాత్రం మొరాయిస్తోంది" అన్న ఫిర్యాదుకి ముందు చూడాల్సింది ఇదే.

ఒక్కో ఫ్లైట్ పది నిమిషాలే అయితే ఫోర్-స్ట్రోక్ ఆయిల్ పూర్తిగా వేడెక్కదు. లోపల చేరిన తేమ ఆవిరైపోక, డిప్‌స్టిక్ మీద మజ్జిగ రంగు నురగ కనపడుతుంది. చోక్ మీద ఎక్కువసేపు నడిపితే పెట్రోల్ దిగి ఆయిల్ పలచబడుతుంది, డిప్‌స్టిక్ వాసన చూస్తే తెలిసిపోతుంది. చిన్న ఫ్లైట్లు చేసేవాళ్లకి ఈ ఇంజన్ వద్దనడానికి ఇదొక కారణం.

చెడిపోయే తీరు

టూ-స్ట్రోక్ హఠాత్తుగా ఆగుతుంది. క్రాంక్ సీల్ దగ్గరో ఇన్‌టేక్ రబ్బరు పగులులోంచో గాలి చొరబడితే మిశ్రమం పలచబడి పిస్టన్ పట్టేస్తుంది. చల్లటి ఇంజన్‌ని వేడెక్కకుండా ఫుల్ థ్రాటిల్ ఇచ్చినా అంతే. పిస్టన్ ముందు వ్యాకోచిస్తుంది, సిలిండర్ వెనకబడుతుంది. ఆయిల్ కలపడం మరిచిన పెట్రోల్ పోస్తే నిమిషాల్లో కథ ముగుస్తుంది. ఫోర్-స్ట్రోక్ ఎక్కువసార్లు ముందుగా సంకేతాలిస్తుంది: కంప్రెషన్ తగ్గడం, ఆయిల్ తాగడం, వేడిమీద మొరాయించడం. ఆయిల్ లేకుండా నడిపితే మాత్రం అదీ హఠాత్తుగానే పోతుంది, బాగుచేసే ఖర్చు టూ-స్ట్రోక్‌కి అయ్యేదానికి ఎన్నో రెట్లు.

ఫ్లోట్ కార్బురేటర్ వాడేవాళ్లు ఐసింగ్ గుర్తుంచుకోవాలి. తేమ ఎక్కువగా ఉన్న చల్లని ఉదయం, 5 నుంచి 15 డిగ్రీల మధ్య, గంటసేపు ఒకే పావు థ్రాటిల్ మీద వెళ్తుంటే వెంచురీలో (కార్బురేటర్‌లో గాలి పోయే ఇరుకు దారిలో) మంచు పేరుకుని ఇంజన్ గరగరలాడుతూ ఆర్‌పీఎమ్ పడిపోతుంది. ఎండ కాస్తోంది కదా అని నమ్మొద్దు, పెట్రోల్ ఆవిరవుతూ వేడిని లాగేసుకుంటుంది. అప్పుడప్పుడు థ్రాటిల్ పూర్తిగా తెరిచి మూయడం మంచి అలవాటు. దీనికి బదులుగా ఒక లాభమూ ఉంది: స్కూటర్ వంశపు వాక్యూమ్ కార్బురేటర్ ఎత్తు పెరిగేకొద్దీ మిశ్రమాన్ని కొంతవరకు తానే సర్దుకుంటుంది. మెంబ్రేన్ కార్బురేటర్‌లా ప్రతి కొత్త మైదానంలో స్క్రూ తిప్పాల్సిన అవసరం తక్కువ.

పాత ఫ్రేములో కొత్త ఇంజన్ పెట్టాలనుకుంటే

వీలుంటే వద్దు. పూర్తి యూనిట్‌గా తయారైనది కొనండి. అయినా చేస్తామంటే నాలుగు చోట్ల దెబ్బ తింటారు.

మొదటిది తిరిగే దిశ. గేరుతో ఒకే అంచె రిడక్షన్ ఉంటే ప్రొపెల్లర్ క్రాంక్‌కి ఎదురు దిశలో తిరుగుతుంది, బెల్టుతో అయితే అదే దిశలో. గేరు నుంచి బెల్టుకి మారితే పాత ప్రొపెల్లర్ పనికిరాకపోవచ్చు. టార్కు లాగే వైపు కూడా తారుమారవుతుంది. పాత ఇంజన్‌కి సరిచేసి పెట్టిన హ్యాంగ్‌పాయింట్ (యూనిట్ రెక్కకి వేలాడే చోటు) ఆఫ్‌సెట్టో, టార్కు పట్టీయో ఇప్పుడు తప్పు వైపుకి సాయం చేస్తుంది. ఫుల్ పవర్‌లో, చెట్ల ఎత్తులో ఈ విషయం తెలుసుకోవడం మంచిది కాదు.

రెండోది గరిమనాభి. ఫోర్-స్ట్రోక్ మందంగా ఉంటుంది, బరువు వీపు నుంచి ఇంకా వెనక్కి జరుగుతుంది. నిండు ట్యాంకుతో ఒకసారి, ఖాళీ ట్యాంకుతో ఒకసారి దూలానికి వేలాడి చూడండి. ప్రొపెల్లర్ పైభాగం మరీ వెనక్కి వాలుతుంటే హ్యాంగ్‌పాయింట్‌ని వెనక్కి జరపాలి. అలా చేయకపోతే టేకాఫ్‌లో పరిగెత్తుతుంటే వెనక్కి లాగినట్టు ఉంటుంది, సీటులోకి కూర్చోగానే మొహం ఆకాశానికి తిరుగుతుంది.

మూడోది ప్రొపెల్లర్ పిచ్. నేల మీద ఫుల్ థ్రాటిల్‌లో ఇంజన్ తన నిర్ణీత గరిష్ఠ ఆర్‌పీఎమ్‌కి కొన్ని వందలు తక్కువలో ఆగాలి. చాలా తక్కువలో ఆగితే పిచ్ ఎక్కువైంది; ఇంజన్ ఈడ్చుకుంటూ వేడెక్కుతుంది. దాటి పోతుంటే పిచ్ తక్కువైంది. నాలుగోది కేజ్ దూరం: నిలబడినప్పుడు ప్రొపెల్లర్ కొసకీ హూప్‌కీ (కేజ్ బయటి వలయానికీ) మధ్య 5 సెంటీమీటర్లు ఉన్నా, ఫుల్ థ్రస్ట్‌లో రబ్బరు మౌంట్లు సాగి అది తగ్గుతుంది. బరువైన ఇంజన్‌తో ఇంకా తగ్గుతుంది.

మరి ఎవరు ఏది తీసుకోవాలి

ట్రైక్ (ఇంజన్‌ని, పైలట్‌ని మోసే చక్రాల బండి) వాడేవాళ్లకి ఆలోచించాల్సిన పనే లేదు, ఫోర్-స్ట్రోక్ తీసుకోండి. బరువు చక్రాలు మోస్తాయి, ఇంజన్ ఎప్పుడూ నిలువుగానే ఉంటుంది, గంటలకొద్దీ ఎగరొచ్చు. స్విస్‌ఆటో 250 లాంటి సింగిల్ సిలిండర్ అయినా, బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ వాన్‌గార్డ్ వి-ట్విన్ లాంటి బరువైనది అయినా చక్రాల మీద అర్థవంతమే.

కాళ్ల మీద లేచేవాళ్లలో 70 నుంచి 85 కిలోల బరువుండి, మోకాళ్లు బాగుండి, ఫ్లైట్ సగటున గంటన్నర దాటి, మైదానం విశాలంగా ఉండి, గాలి తరచూ అందేచోట ఎగిరేవాళ్లకి ఫోర్-స్ట్రోక్ బాగా కుదురుతుంది. 100 కిలోలు దాటిన పైలట్‌కి 200 సీసీ ఫోర్-స్ట్రోక్ థ్రస్ట్ చాలదు, పెద్దది వేస్తే మోయలేడు. ఆయన 185-200 సీసీ టూ-స్ట్రోక్‌లోనే ఉండడం మేలు. 60 కిలోల పైలట్‌కి, వెన్నునొప్పి ఉన్నవాళ్లకి 80 సీసీ టూ-స్ట్రోక్‌కి మించిన జవాబు లేదు. నేర్చుకుంటున్నవాళ్లు టూ-స్ట్రోక్‌లోనే ఉండండి. మీరు బోర్లా పడతారు, ఒకటికి రెండుసార్లు పడతారు. పడినప్పుడల్లా ప్లగ్ విప్పే ఇంజన్ ఆ దశలో అక్కర్లేదు.

జట్టుగా ప్రయాణాలు చేసేవాళ్లు ఇంకొకటి గమనించాలి. మిగతా అందరూ ఆయిల్ కలిపిన పెట్రోల్ వాడుతుంటే మీకు ప్రత్యేకంగా వేరే డబ్బా ఉండాలి. అత్యవసరంలో కలిపిన పెట్రోల్ ఒక ట్యాంకు పోసుకున్నా ఫోర్-స్ట్రోక్‌కి ప్లగ్ మసిబారడం, కాస్త పొగ తప్ప పెద్ద నష్టం ఉండదు. మీ డబ్బాలోని ఉత్త పెట్రోల్‌ని పొరపాటున ఎవరైనా టూ-స్ట్రోక్‌లో పోసుకుంటే మాత్రం వాళ్ల పిస్టన్ పోతుంది. డబ్బా రంగే వేరేది పెట్టండి, మూత మీద "ఆయిల్ లేదు" అని పెద్ద అక్షరాలతో రాయండి.

వాడిన ఫోర్-స్ట్రోక్ కొంటుంటే ఇంజన్ చల్లగా ఉండగానే వెళ్లండి. అమ్మేవాళ్లు ముందే వేడిచేసి ఉంచితే ఇంకో రోజు వస్తామని చెప్పండి. మొదటి స్టార్ట్‌లో నీలిపొగ ఒక్కసారి వచ్చి ఆగితే వాల్వు స్టెమ్ సీళ్లు, నడుస్తున్నంతసేపూ వస్తుంటే రింగులు. ఎయిర్‌బాక్స్ విప్పి లోపల ఆయిల్ మరకలున్నాయేమో చూడండి. మరక ఉంటే యూనిట్ ఎప్పుడో పడింది లేదా పడుకోబెట్టారు. పది నిమిషాలు నడిపి ఆపి, వేడిమీద వెంటనే మళ్లీ స్టార్ట్ చేయమనండి. అప్పుడు స్టార్టర్ గర్రుమని తిరిగినా ఇంజన్ అందుకోకపోతే టాపెట్లు చూడనివ్వమని అడగండి, ఒప్పుకోకపోతే వెనక్కి వచ్చేయండి.